ముందే కట్టిన సొమ్ము ఆసుపత్రి గుమ్మం దగ్గర ఎంతవరకు పనికొస్తుంది?

దక్షిణ తెలంగాణ పల్లెల్లో అనుకోని వైద్యఖర్చు తీరే క్రమం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. మొదటి రోజు ఇంట్లో ఉన్న నగదు, చుట్టాల దగ్గర తెచ్చిన చేబదులు సరిపోతాయి. రెండో రోజు బంగారం తాకట్టుకు పోతుంది. నడుస్తున్న చిట్టీ ఉంటే నష్టానికైనా పాడి ఎత్తుకుంటారు. అవీ చాలకపోతే నూటికి రెండు రూపాయలకో, ఇచ్చేవాడికి అవతలివాళ్ల అవసరం ఎంతటిదో తెలిస్తే మూడు రూపాయలకో అప్పు పుడుతుంది. మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చిన కుటుంబం నెలకు 12,000, ఏడాదికి 1,44,000 రూపాయలు వడ్డీ కిందనే చెల్లిస్తుంది. అసలు అలాగే ఉంటుంది. కుటుంబం మొత్తానికి ఏటా 20,000 రూపాయల ప్రీమియం అనుకుంటే, ఆ ఒక్క ఏడాది వడ్డీ ఏడేళ్ల ప్రీమియాన్ని మించిపోతుంది.

బీమా ఏజెంట్లు చెప్పే లెక్క ఇదే, లెక్కగా ఇందులో తప్పు లేదు. అయితే కట్టిన ప్రీమియానికి బదులుగా ఆపద రోజున బిల్లు చెల్లింపు జరిగి తీరుతుందన్న ఊహ మీద ఇది నిలబడి ఉంది. ఆ చెల్లింపు జరుగుతుందా, జరిగితే ఎంత జరుగుతుంది అన్నది చాలావరకు ఆపద రోజున తేలే విషయం కాదు. ఏ కార్డులో ఎవరి పేరు ఉంది, దరఖాస్తులో ఏ జబ్బు రాశారు, ఏ నెలలో పాలసీ మొదలైంది, ఏ ఆసుపత్రికి వెళ్లి ఏ గది తీసుకున్నారు అన్న చిన్న చిన్న సంగతులు, వాటిలో చాలావరకు ఏళ్ల ముందే, ఆ ఫలితాన్ని నిర్ణయించేసి ఉంటాయి. ఈ ప్రాంతంలో కార్డు, కాగితం ఏదీ లేని కుటుంబాలకన్నా, ఉన్న కాగితం ఏ గుమ్మం దగ్గర చెల్లుతుందో తెలియని కుటుంబాలే ఎక్కువగా దెబ్బతింటున్నాయని చెప్పవచ్చు.

ప్రభుత్వం తరఫున నడిచే ఏర్పాటుతో మొదలుపెట్టాలంటే, మహబూబ్‌నగర్ జిల్లాకు అందులో ఒక ప్రత్యేక స్థానం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదటి విడతగా అమలైన మూడు జిల్లాల్లో అది ఒకటి. మిగిలినవి అనంతపురం, శ్రీకాకుళం. నల్లగొండ అదే ఏడాది చివర రెండో విడతలో చేరింది. తొలి రోజుల్లో అది అచ్చమైన బీమాయే. పేద కుటుంబాల ప్రీమియం ప్రభుత్వం కట్టేది, కంపెనీ కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, అవసరమైతే మరో 50,000 వరకు చెల్లించేది. తర్వాత కంపెనీ తప్పుకుని ప్రభుత్వ ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించే పద్ధతి వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఈ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. అర్హత ఉన్న కుటుంబానికి ఇంత మొత్తం రక్షణ పైసా ప్రీమియం లేకుండా దొరకడం చిన్న సంగతి కాదు. ఏ ప్రైవేటు పాలసీ గురించి ఆలోచించే ముందైనా మొదట చూసుకోవలసింది ఇదే.

అయితే 10 లక్షలన్న అంకె చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ఆరోగ్యశ్రీ జబ్బుల జాబితా మీద నడిచే పథకం. జాబితాలో ఉన్న చికిత్సకు, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో, ఖరారు చేసిన ప్యాకేజీ ధరకు మాత్రమే వర్తిస్తుంది. ఓపీ ఫీజులు, బయట రాసిచ్చే మందులు అందులోకి రావు. ప్రాణాపాయం ఉన్నప్పుడు కాగితాల కోసం ఆగకుండా ఫోన్ మీదనే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే వీలు పథకంలోనే ఉంది, అడగవలసింది ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను. కౌంటర్ మూసి ఉన్న వేళ 104కు ఫోన్ చేయవచ్చు. ఈ సంగతి తెలియక రాత్రిపూట వచ్చినవాళ్లు డిపాజిట్ కట్టి చేరిపోతారు, ఒకసారి నగదు రోగిగా చేరాక పథకంలోకి మారడం తలనొప్పి వ్యవహారం అవుతుంది. వీటికి తోడు ప్రభుత్వ బకాయిలు పేరుకున్నప్పుడల్లా ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనడం, 2025లో కొన్ని రోజులు ఆపేయడం జరిగింది. గుండెపోటు ఆ రోజుల్లో వచ్చినవాడికి పది లక్షల పరిమితి కాగితం మీది అంకెగానే మిగులుతుంది.

పేర్ల సంగతి మరీ ముఖ్యం. ఆరోగ్యశ్రీకి ఆధారం ఆహారభద్రత కార్డు, అంటే జనం తెల్లకార్డు అనే రేషన్ కార్డు. కొత్త కార్డుల మంజూరు ఏళ్ల తరబడి నిలిచిపోవడంతో పెళ్లై వచ్చిన కోడళ్లు, ఆ తర్వాత పుట్టిన పిల్లలు, వేరుపడిన అన్నదమ్ములు ఏ కార్డులోనూ లేకుండా ఉండిపోయారు. 2025 జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ మొదలైనప్పుడు సన్నబియ్యం గురించి జరిగినంత చర్చ వైద్యం గురించి జరగలేదు. నిజానికి ఆ కార్డులో ఒక పేరు చేరడమంటే నెలకు 6 కిలోల బియ్యమే కాదు, ఆ మనిషికి ఆసుపత్రి దారి కూడా తెరుచుకోవడం. అత్తగారింటి కార్డులో పేరు ఎక్కక, పుట్టింటి కార్డులో పేరు తీసేసి, మధ్యలో ఉండిపోయిన ఆడపిల్లకు కాన్పు కష్టమైతే ఏ కౌంటర్‌లో ఏ కార్డు చూపాలన్నది ఎవరూ తేల్చలేని ప్రశ్న అవుతుంది.

పాలమూరు వలస కూలీది మరో చిక్కు. ముంబై, పుణె, భీవండీల్లో పనిచేస్తూ అక్కడే మెట్టు జారి పడినవాడికి ఊళ్లోని ఆరోగ్యశ్రీ కార్డు అక్కడి ఆసుపత్రిలో పనికిరాదు. 2018 సెప్టెంబరు 23న మొదలైన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ కార్డు మాత్రం దేశంలో ఆ పథకం కింద ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు చెల్లుతుంది. తెలంగాణ 2021లో ఈ పథకంలో చేరింది. కాబట్టి వలస వెళ్లే మనిషి అర్హత ఉంటే ఈ కార్డు చేయించుకుని వెంట తీసుకుపోవాలి, ఊళ్లో బీరువాలో ఉంచితే లాభం లేదు. ఫ్యాక్టరీలో, పెద్ద కంపెనీ సైటులో నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో పనిచేసేవారికి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం కూలీ వాటా, 3.25 శాతం యజమాని వాటా. చీటీ మీద జీతం రాయని మేస్త్రీ కింద పనిచేసేవాళ్లకు సహజంగానే ఇది అందదు.

ఇక్కడ ఒక అపోహ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. 'మాకు బీమా ఉంది' అనే రైతు కుటుంబాల్లో చాలామంది మనసులో ఉన్నది రైతుబీమా. 2018 ఆగస్టులో మొదలైన ఆ పథకం 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు రైతు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షలు ఇస్తుంది. అది జీవిత బీమా. రైతు బతికి ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు ఆ పథకం నుంచి ఒక్క రూపాయి రాదు. బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్ష బీమా కూడా ప్రమాదంలో మరణానికో, శాశ్వత వైకల్యానికో మాత్రమే పరిహారమిస్తుంది, చికిత్స బిల్లుకు కాదు. రెండూ మంచి పథకాలే, కానీ వాటిని ఆరోగ్య బీమాగా లెక్కవేసుకోవడం వల్ల అసలు ఉండవలసిన పాలసీ వాయిదా పడుతూ వస్తుంది.

తెల్లకార్డు రాని, ఈఎస్ఐ లేని, ప్రభుత్వ ఉద్యోగం కాని కుటుంబాలే ప్రైవేటు పాలసీ అవసరం ఎక్కువగా ఉన్నవి. జనాభాలో కనీసం 30 శాతం మంది ఇలా ఏ రక్షణా లేకుండా మధ్యలో మిగిలిపోయారని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమస్తా, జడ్చర్లలో కిరాణా దుకాణం నడిపేవాడు, ప్రైవేటు బడి పంతులు ఈ కోవలోకి వచ్చే మనుషులు. వీళ్లు పాలసీ కొనే తీరులో ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది: ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరికైనా జబ్బు బయటపడ్డాకనే కొంటారు. అప్పటికి ఆలస్యమైనట్టే. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప మరే జబ్బుకూ చెల్లింపు ఉండదు. హెర్నియా, మొలలు, కంటిలో శుక్లాలు, కిడ్నీలో రాళ్లు, మోకాలి మార్పిడి వంటివాటికి సాధారణంగా రెండేళ్లు ఆగాలి. పాలసీ నాటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది నాలుగేళ్లుగా ఉండేది.

దాచిపెట్టిన జబ్బే క్లెయిముల తిరస్కరణకు అన్నిటికన్నా సులువైన కారణమవుతుంది. దరఖాస్తు నింపేది చాలాసార్లు ఏజెంటే. షుగర్ ఉందా, బీపీ ఉందా అన్న గడుల్లో 'లేదు' అని టిక్కు పెట్టేసి సంతకం చేయించుకోవడం అతనికి తేలిక, ఎందుకంటే ఉన్నదని రాస్తే పరీక్షలు, ప్రీమియం పెంపు, కొన్నిసార్లు తిరస్కరణ ఎదురవుతాయి. నాలుగేళ్ల తర్వాత ఆ మనిషి ఛాతీనొప్పితో హైదరాబాద్ ఆసుపత్రికి చేరినప్పుడు డ్యూటీ డాక్టరు పాత జబ్బులేమిటని అడుగుతాడు, కంగారులో ఉన్న కొడుకు "పదేండ్ల సంది షుగరున్నది సార్" అంటాడు, ఆ మాట కేస్ షీట్‌లోకి, అక్కడి నుంచి డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. వైద్యానికి ఆ నిజం అవసరం, కొడుకు చెప్పడంలో తప్పేమీ లేదు. కానీ ఆ ఒక్క వాక్యం దరఖాస్తులోని 'లేదు'తో ఢీకొంటుంది, కంపెనీకి కావలసిన ఆధారం రోగి వైపువాళ్లే ఇచ్చినట్టవుతుంది. అరవై నెలలు విరామం లేకుండా పాలసీ నడిచిన తర్వాత మోసం రుజువు చేస్తే తప్ప జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమును కొట్టేయరాదన్నది ఇప్పుడున్న నిబంధన. ఈ గడువు ఇంతకుముందు ఎనిమిదేళ్లు ఉండేది. అయినా అయిదేళ్ల అదృష్టాన్ని నమ్ముకోవడంకన్నా మొదటే నిజం రాసి మూడేళ్లు ఆగడం నయం. పాలసీ పత్రం చేతికొచ్చిన 30 రోజుల్లోగా నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు కాబట్టి, ఆ నెలలోనే దానికి జతచేసిన దరఖాస్తు నకలు తీసి ఏ గడిలో ఏమి రాశారో చదివించుకోవడం అన్నిటికన్నా చవకైన జాగ్రత్త.

ఆపద రోజున జరిగేదానికి వస్తే, దేవరకొండలోనో, కొల్లాపూర్‌లోనో ఉన్నవాళ్లకు అది ఒక ఆసుపత్రితో తీరే వ్యవహారం కాదు. మొదట ఊళ్లో ఆర్ఎంపీ, తర్వాత దగ్గరి పట్టణంలో నర్సింగ్‌హోం, అక్కడి నుంచి నల్లగొండకో, మహబూబ్‌నగర్‌కో, చివరికి హైదరాబాద్‌కు. ఈ నాలుగు మజిలీల్లో బీమా చూపు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఆర్ఎంపీ ఎక్కించిన సెలైన్‌కు, కట్టిన కట్టుకు చెల్లింపు రాదు, అతడు నమోదైన వైద్యుడు కాదు కనుక. నర్సింగ్‌హోం నమోదైనదో, లేదా 10 లక్షల లోపు జనాభా ఉన్న పట్టణంలో కనీసం 10 పడకలు, రాత్రింబగళ్లు నర్సులు, వైద్యుడు, ఆపరేషన్ థియేటర్ వంటి నిర్వచనానికి సరిపోయేదో అయి ఉండాలి. అప్పుడు అక్కడ కట్టిన డబ్బును తర్వాత రాబట్టుకునే వీలుంటుంది, అసలు బిల్లులు దాచుకుంటే. చేతికందిన చీటీ మీద మొత్తం రాసిచ్చి పంపేసే చోట ఆ వీలు పోతుంది. అంబులెన్స్‌కు చాలా పాలసీల్లో పరిమితి చిన్నది, ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీలోనైతే ఒక చేరికకు 2,000 రూపాయలు. 108 ఉచితమే, ప్రైవేటు అంబులెన్స్ ఎక్కవలసి వస్తే మిగతా ఖర్చు చేతిదే.

నగదురహిత చికిత్స అన్నమాట వినగానే జేబులో డబ్బు అవసరం లేదని అనుకోవడం సహజం. జరిగేదేమంటే, ఆసుపత్రి బీమా డెస్క్ వారు జబ్బు, అంచనా ఖర్చు రాసి కంపెనీకి పంపుతారు, కంపెనీ ఏవో ప్రశ్నలు వేస్తుంది, జవాబు వెళ్లాక కొంత మొత్తానికి అనుమతి వస్తుంది. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఈ అనుమతి గంటలోపు, డిశ్చార్జ్ నాటి తుది అనుమతి మూడు గంటల్లోపు తేల్చాలి. మూడు గంటలు దాటిన ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం కంపెనీదే. అనుమతి వచ్చేలోపు డిపాజిట్ అడగడం మాత్రం ఆసుపత్రుల అలవాటుగానే కొనసాగుతోంది. అత్యవసర చికిత్సను డబ్బు కోసమో, పోలీసు కాగితాల కోసమో ఆపరాదన్న సూత్రం సుప్రీంకోర్టు 1989 పరమానంద్ కటారా తీర్పు నాటి నుంచి బలపడుతూ వస్తున్నా, కౌంటర్ దగ్గర నిలబడ్డవాడికి ఆ తీర్పు చదివి వినిపించే ఓపిక ఉండదు. అందుకే ఎంత మంచి పాలసీ ఉన్నా కొంత నగదు విడిగా ఉంచుకోవడం తప్పదు.

బిల్లులో కోత పడే చోటు గది అద్దె. దీన్ని ఒక ఉదాహరణగా లెక్కవేసి చూడటం మేలు. 5 లక్షల పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు ఒక శాతం, అంటే 5,000 రూపాయలనుకుందాం. మామూలు గది ఖాళీ లేదనో, బంధువులు కూర్చునే చోటు ఉంటుందనో 8,000 రూపాయల గది తీసుకున్నారు. అయిదు రోజులకు గది 40,000, సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000, మందులు, ఇంప్లాంట్, పరీక్షలు 1,00,000. మొత్తం 3 లక్షలు. చూడటానికి పోయేది గది తేడా 15,000 మాత్రమే అనిపిస్తుంది. కానీ గది పెరిగితే డాక్టరు ఫీజు, థియేటర్ ధరలూ పెరుగుతాయన్న వాదనతో కంపెనీ ఆ పద్దులను కూడా ఎనిమిదింట అయిదు వంతులకే కుదిస్తుంది: గదికి 25,000, ఫీజులకు 1,00,000. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఇలా కోయరాదన్న నిబంధన ఉంది కనుక ఆ లక్ష పూర్తిగా వస్తుంది. వచ్చింది 2,25,000, కట్టవలసింది 75,000. గ్లౌజులు, మాస్కుల వంటి వాడిపారేసే సామాను కొన్ని పాలసీల్లో దీనికి అదనంగా జేబు మీదే పడుతుంది. గది అద్దె పరిమితి లేని పాలసీకి ప్రీమియం కొంచెం ఎక్కువైనా తీసుకోవడమే ఉత్తమమని ఈ లెక్కే చెబుతుంది; పరిమితి ఉన్న పాలసీ అయితే గది అడిగే ముందే ఆ అంకె ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

రెండు జాతీయ రహదారులు చీల్చుకుపోయే ప్రాంతం కనుక రోడ్డు ప్రమాదాల ప్రస్తావన తప్పదు. చౌటుప్పల్ నుంచి కోదాడ వరకు 65వ నంబరు రహదారి మీద, షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా వరకు 44వ నంబరు రహదారి మీద ప్రమాదంలో పడినవారికి, ఇతర రోడ్ల మీద పడినవారికి కూడా, కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసిన పథకం కింద ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా నగదురహిత చికిత్స దొరకాలి. ఇందుకు ముందుగా ఏ ప్రీమియమూ కట్టనక్కరలేదు. తలకు దెబ్బ తగిలి రోజుల తరబడి ఐసీయూలో ఉండవలసిన మనిషికి ఈ మొత్తం ఆరంభానికే సరిపోతుంది. సొంత పాలసీ పని ఆ తర్వాత మొదలవుతుంది.

క్లెయిము కొట్టేశారన్న ఉత్తరం రాగానే చాలామంది అక్కడితో ఆపేస్తారు. తిరస్కరణకు కారణమైన నిబంధనను ఉత్తరంలో పేర్కొనవలసిన బాధ్యత కంపెనీది, కంపెనీలోని క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించడానికీ వీల్లేదు. మొదట కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిపోకపోయినా, ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా తగాదాలు విని తేల్చే అధికారికి, రాయవచ్చు. 50 లక్షల వరకు తగాదాలు అక్కడ తీరతాయి, ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, తీర్పుకు కంపెనీ కట్టుబడాలి.

ప్రీమియం కట్టే నెల విషయాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, వ్యవసాయ కుటుంబాల పాలసీలు ఆగిపోవడానికి మాత్రం అదే ఎక్కువగా కారణమవుతుంది. జూన్‌లో కొన్న పాలసీ ఏటా జూన్‌లోనే గడువుకు వస్తుంది, విత్తనాలకూ ఎరువులకూ బడి ఫీజులకూ అప్పు తెచ్చే నెల అది. వార్షిక ప్రీమియానికి గడువు దాటాక 30 రోజుల వెసులుబాటు ఉంటుంది, నెలనెలా కట్టేదైతే 15 రోజులు. అదీ దాటితే పాలసీ రద్దవుతుంది, అంతవరకు నడిచిన రెండు మూడేళ్ల నిరీక్షణ కాలం కూడా దాంతో పోయి మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క పెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తొలగిపోవడంతో చెల్లించవలసిన మొత్తం కొంత తగ్గింది. పత్తి పండించేవాళ్లు డిసెంబరులోనో జనవరిలోనో, యాసంగి వరి మీద ఆధారపడ్డవాళ్లు మే నెలలోనో పాలసీ మొదలుపెట్టుకుంటే, ఏటా గడువు చేతిలో పంట డబ్బు ఉన్న రోజుల్లోనే వస్తుంది.